మండలిలో ఇచ్చిన మాట

శాసనమండలిని ఎత్తేస్తారన్న సంగతి మాకు పేపర్లకంటే ముందు చెప్పుల వల్ల తెలిసింది. హనుమకొండ లష్కర్‌బజార్‌లో మా ఇంటి అరుగు ముందు పొద్దున్నే గుట్టగా పడి ఉండే చెప్పులు, ఎనభై ఐదో సంవత్సరం ఎండాకాలం వచ్చేసరికి పలచబడ్డాయి. ట్రాన్స్‌ఫర్ల కోసం, ఆగిన జీతాల కోసం తెల్లారకముందే వచ్చి కూర్చునే టీచర్లు, అసెంబ్లీకి కొత్తగా గెలిచినవాళ్ల ఇళ్లు వెతుక్కున్నారు. మా అత్తమ్మ రత్నమ్మ మాత్రం, "ఇన్నేండ్లకు నా చాయ నేను కూసోని తాగుతాన్న" అని సంబరపడింది. ఆమె సంబరం వెనక దిగులుందని నాకు తెలుసు.

మా మామ జ్ఞానప్రకాశం గారు హెడ్మాస్టరుగా రిటైరై, టీచర్ల ఓట్లతో రెండుసార్లు మండలికి వెళ్లారు. ఎయిడెడ్ బడుల టీచర్లకు జీతం మేనేజిమెంటు చేతి మీదుగా కాక నేరుగా బ్యాంకులో పడేలా చేసింది ఆయనే. పెళ్లయిన పంతులమ్మలకు కాన్పు సెలవు ఇప్పించిందీ ఆయనే. మంత్రి లేచి "పరిశీలిస్తాం" అంటే మామ కూర్చునేవారు కాదు. పరిశీలించి ఏం చేస్తారని మళ్లీ అడిగేవారు. "చేస్తాం" అనే మాట మంత్రి నోట పడి, సభలో మాటలు రాసుకునే ఉద్యోగులు దాన్ని రాసుకున్నాకే కుర్చీలో వెనక్కి వాలేవారట. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు తగ్గితే, "ఒక చిన్న మనవి" అని మొదలుపెట్టేవారు. "కూసోండ్రి, మంత్రి ఇంక పొయ్యికాడనే ఉన్నది" అనేది అత్తమ్మ.

నేను ఆ ఇంటి కోడలిని, దీనమ్మను. నా భర్త యోసేపు నెక్కొండ దిక్కు ఒక ఎయిడెడ్ బడిలో టీచరు. రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. అంతకు మూడేళ్ల ముందు, కామెర్లు ముదిరాయని దవాఖానలో చేర్చిన వారం తిరక్కుండానే పోయాడు. పాప అప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. సర్కారు బడి టీచరు చనిపోతే ఇంట్లో ఒకరికి నౌకరి ఇస్తారు. ఎయిడెడ్ బడి టీచరు చనిపోతే ఒక పూలదండ ఇస్తారు, ఒక సంతాప సభ పెడతారు. నేను ఇంటర్ పాసయ్యాను. ఏ బడి ఆఫీసులో కూర్చోబెట్టినా పని చేయగలను. కానీ అడగడానికి ఏ రూలూ లేదు.

అత్తమామలు నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అందుకే చెయ్యి చాపడం ఇంకా కష్టంగా ఉండేది. పాప పలకకూ అడగాలి, నా తలనూనెకూ అడగాలి. తిట్టేవాళ్లనైతే మొండికేసి అడగొచ్చు. ప్రేమగా ఇచ్చేవాళ్ల ముందు నిలబడితే నాకు ఒళ్లు మండేది. ఆ మంట నా మీద నాకే.

ఆ ఎండాకాలం ఎయిడెడ్ బడుల మీద సర్కారు ఒక బిల్లు తెచ్చింది. ఇకమీద ఆ బడుల్లో నౌకరి చేస్తూ ఎవరైనా చనిపోతే ఇంట్లో ఒకరికి కొలువు ఇస్తారని అందులో రాశారు. చట్టం వచ్చాక పోయినవాళ్లకే అది వర్తిస్తుంది. ముందే పోయినవాళ్ల ఇళ్లకూ వర్తించాలని మామ ఒక సవరణ ఇచ్చారు. అసెంబ్లీ అప్పటికే మండలిని రద్దు చేయమని తీర్మానం పంపింది. ఢిల్లీలో అది తేలేలోపు ఈ బిల్లు మండలికి రావాలి, సవరణ నెగ్గాలి. లేకపోతే మాలాంటి వాళ్ల గురించి లేచి అడిగే మనిషే ఉండడు.

మాలాంటి వాళ్లలో కట్టమ్మ ఒకతె. యోసేపు పనిచేసిన బడిలోనే ఆమె భర్త అటెండరు. అతను పోయాక ఎనుమాముల మార్కెట్‌కు వచ్చి మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతోంది. మా ఇంటికి వస్తే వాకిట్లోనే కొంగు దులుపుకునేది. అయినా ఆ ఘాటుకు పాప తుమ్మేది.

"సారూ, ఆ కాయిదం నెగ్గుతదంటరా? జర నిజం చెప్పుండ్రి," అని అడిగేది.

"నెగ్గుడు నెగ్గకపోవుడు నా చేతిల లేదు కట్టమ్మా. అడుగుడు నా చేతిల ఉన్నది," అనేవారు మామ.

ఆయన లోపలికి పోయాక కట్టమ్మ నా చెయ్యి పట్టుకునేది. "చెల్లే, మనిద్దరికీ ఒక్కపారే అయితది సూడు. నువ్వు ఆఫీసుల కూసో, నేను బయట స్టూలు మీద కూసుంట. గంట కొట్టి పిలువు, వస్త." ఆ మాటకు ఇద్దరం నవ్వేవాళ్లం. యోసేపు పోయాక నేను నోరారా నవ్వింది ఆ వాకిట్లోనే.

బిల్లు మండలికి వచ్చే రోజు తెలిసింది. "మూతబడకముందు మీరు కూడ ఒకసారి సూడుండ్రి," అని మామ మా ముగ్గురికీ పాసులు రాయించారు. పాపను పక్కింట్లో వదిలి, నేను, అత్తమ్మ, కట్టమ్మ ఆయన వెంట హైదరాబాద్ బండెక్కాం. కట్టమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకు ఇంత నూనె పెట్టుకుని వచ్చింది.

గ్యాలరీ ఎక్కేముందు కాపలా మనిషి మాకు నియమాలు చెప్పాడు. మాట్లాడొద్దు, చప్పట్లు కొట్టొద్దు, ముందుకు వంగి కటకటాల మీద చేతులు పెట్టొద్దు, ఏం విన్నా లేచి నిలబడొద్దు. "చర్చిలనన్న పాట పాడనిస్తరు," అని అత్తమ్మ నా చెవిలో గొణిగింది. అతను వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

కింద మామ చాలా చిన్నగా కనిపించారు. ఇంట్లో తలుపుకు తల తగిలే మనిషి ఆ పెద్ద గదిలో మూడో వరసలో ఒక తెల్ల కండువా అంతే ఉన్నారు. కానీ లేచి మాట్లాడడం మొదలుపెట్టాక గది ఆయనకు సరిపోయింది. భర్త పోయిన ఇళ్లల్లో పొయ్యి ఎట్లా రాజుకుంటుందో చెప్పారు. పేరు చెప్పకుండా, మిరప ఘాటుకు దగ్గుకుంటూ బతికే ఒక అటెండరు భార్య గురించి చెప్పారు. కట్టమ్మ నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. మంత్రి మెత్తబడుతున్నట్టే కనబడ్డాడు.

అప్పుడు రాజేశ్వర్ రావు లేచాడు. ఆయన కూడా మా జిల్లా నుంచి వచ్చిన సభ్యుడే. మామతో కలిసి ఒకే బండిలో వస్తాడు, దారంతా మాట్లాడుతూనే వస్తాడు, సభలోకి రాగానే ఎదురు తిరుగుతాడు. ఆయన ఎటు చెయ్యెత్తితే అటు ఎత్తే సభ్యులు కొందరున్నారు. వాళ్లు లేకుండా సవరణ నెగ్గదు.

"అధ్యక్షా, మాస్టర్ సాబ్ మాటలకు నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్," అన్నాడు రావు. "కానీ ఒక్క ముచ్చట ఆయన చెప్పలేదు. ముందే పోయినవాళ్లల్ల ఆయన కొడుకు ఒకడు. ఆ కోడలు ఇంట్లనే ఉన్నది. మరి దీన్ని దీనమ్మ సవరణ అందామా?"

సభ గొల్లున నవ్వింది. నా పేరు ఆ గది గోడలకు తగిలి నా మీదికే వచ్చింది.

మామ లేచారు. "రావు సాబ్ అన్నది నిజమే అధ్యక్షా. ముందుగాల నేనే చెప్పవలసింది. సొంతానికి లాభమున్న విషయంల సభ్యుడు ఓటు వెయ్యరాదు. నేను వెయ్యను."

"మీరు ఓటు వెయ్యకుంటే మీ కోడలుకు నౌకరి రాకుండ పోతదా?" అని రావు కూర్చున్న చోటి నుంచే అడిగాడు. మళ్లీ నవ్వులు.

మామ కూర్చోలేదు. ముందున్న బల్ల అంచును తడుముతూ నిలబడ్డారు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఈ చట్టం కింద నా ఇంటి నుంచి ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు. ఈ సభకు మాట ఇస్తాన్న."

నవ్వులు ఆగిపోయాయి. "అట్లయితే నాకు అభ్యంతరం లేదు," అన్నాడు రాజేశ్వర్ రావు. ఆయన చెయ్యెత్తాడు. ఆయన వెనకవాళ్లు ఎత్తారు. మామ ఒక్కరే చేతులు కట్టుకుని కూర్చున్నారు. సవరణ నెగ్గింది.

నేను లేవబోయానేమో, కాపలా మనిషి నా వైపు చూశాడు. లేచి ఏమనేదాన్నో నాకే తెలియదు. నా బతుకు కింద పరిచి ఓటేస్తుంటే పైన నోరు మూసుకుని కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మామ తలెత్తి గ్యాలరీ వైపు చూస్తారని ఎదురుచూశాను. చూడలేదు.

తిరుగు బండిలో కట్టమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఆమెకు ఏడుపు, నవ్వు ఒకేసారి వస్తున్నాయి, రెండూ నా ముందు దాచుకోలేక అవస్థ పడుతోంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక మెల్లగా, "చెల్లే, నాకు మొకం చెల్లుతలేదు," అంది. "నీకేం సంబంధం, నువ్వేం చేసినవ్," అన్నాను. నిజమే, ఆమె మీద నాకు కోపం లేదు. కోపమంతా ఎదురు సీట్లో కళ్లు మూసుకుని, నిద్రపోకుండా కూర్చున్న పెద్దమనిషి మీదే.

అప్పటినుంచి నేను మామకు అన్నం పెట్టాను, బట్టలు ఉతికాను, మందులు అందించాను, ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనా మాట్లాడించలేదు. మధ్యలో పాప అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరితోనూ కబుర్లు చెప్పేది. అసెంబ్లీ కూడా ఆ సవరణకు ఒప్పుకుందని పేపర్లో వచ్చింది. మామ ఆ వార్త చదివి, పేపరు మడిచి, పక్కన పెట్టారు. రోజూ అత్తమ్మకు చదివి వినిపించే మనిషి ఆ రోజు చదవలేదు.

జూన్ మొదట్లో రేడియో వార్తల్లో మండలి రద్దయిందని చెప్పారు. మామ లేచి వెళ్లి గేటుకున్న ఎమ్మెల్సీ బోర్డు తానే ఊడదీశారు. "ఉండనియ్యరాదు, పక్కకు మాజీ అని రాపిద్దం," అంది అత్తమ్మ. "లేని సభకు మాజీ ఏంది," అన్నారాయన. బోర్డు ఉన్న మేర గేటు రంగు కొత్తగా కనిపించింది.

ఆ వారమే టీచర్ల సంఘం కార్యదర్శి సారంగపాణి ఇంటికొచ్చాడు. చనిపోయినవాళ్ల ఇళ్ల నుంచి దరఖాస్తులు తీసుకుంటున్నారని, కట్టమ్మది అప్పుడే పెట్టించానని చెప్పాడు. చెబుతూనే సంచిలోంచి ఇంకో ఫారం తీసి నా ముందు పెట్టాడు.

"దీనమ్మక్కా, దస్తకత్ పెట్టు. సార్, మీరు ఏమనకుండ్రి. ఇప్పుడు మండలి హౌజే లేదు. హౌజ్‌కు ఇచ్చిన హామీలన్నీ హౌజ్‌తోనే పోయినయ్. రూలు మీకు నేను చెప్పాల్నా?"

"మంత్రులిచ్చిన హామీలు పోతయి సారంగపాణీ," అన్నారు మామ. "నేనిచ్చింది మాట. సభల చెప్పింది తప్పయితే ఆ సభలనే లేచి సవరించుకోవాలె. అది పద్ధతి. ఇప్పుడు ఆ జాగకు తాళం పడ్డది. నేనేడ లేవాలె?"

"తప్పయిందని ఒప్పుకుంటాన్నవన్నట్టు," అంది అత్తమ్మ లోపలి నుంచి.

ఇన్ని రోజులు కట్టేసుకున్న నా నోరు అప్పుడు తెరుచుకుంది. "మీ మాట మీరిచ్చుకోండ్రి మామా, మీ ఇష్టం. నా బతుకును తీసుకపోయి వాళ్లకిచ్చుటానికి మీరెవరు?"

సారంగపాణి చాయ గ్లాసు కింద పెట్టేశాడు. మామ నా వైపు చూడలేదు.

"నేను పైన్నే కూసున్న," అన్నాను. "నోరు తెరవద్దని కూసోబెట్టిన్రు. ఒక్కసారన్న తలెత్తి నా దిక్కు సూసిన్రా?"

"అడిగితే ఏమంటుంటివి బిడ్డా?" అన్నారు మామ.

"సరే అంటుంటి కావచ్చు. అడిగితే గద."

మంత్రుల చేత జవాబు చెప్పించిన మనిషి నా ముందు కుర్చీ చెయ్యి తడుముతూ కూర్చున్నారు. చూస్తుంటే నాకు జాలేసింది, జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "కొడుకును పోగొట్టుకున్నం. ఇగ కోడల్ని నువ్వు పోగొట్టుకుంటవా?" అంది భర్తతో. ఫారం బల్ల మీదే ఉండిపోయింది. నేను సంతకం పెట్టలేదు. పెడితే ఆయన పరువు తీసినదాన్నవుతాను, పెట్టకపోతే నేను లేనట్టే. ఎటూ తేల్చుకోలేకపోయాను.

వానలు పడ్డాక కట్టమ్మకు ఆర్డరు వచ్చింది. ఘన్‌పూర్ దగ్గరి బడిలో అటెండరు. ఆర్డరు కాగితం కొంగులో పెట్టుకుని మొదట మా ఇంటికే వచ్చింది. మామ కాళ్లకు మొక్కబోతే ఆయన వెనక్కి జరిగి, "నాకు కాదు, ఆమెకు మొక్కు," అని నన్ను చూపించారు. నేను మొక్కనివ్వలేదు, గట్టిగా కౌగిలించుకున్నాను. ఆమె ఒంటి మీద మిరప ఘాటు లేదు. సంతోషించాను, అసూయపడ్డాను. రెండూ చెబుతున్నాను, ఎందుకంటే రెండూ నిజం.

మామకు సన్మానం చేయాలని సంఘంవాళ్లు పట్టుబట్టింది ఆ నెలలోనే. హనుమకొండలో ఒక బడి హాలు. మామ వద్దంటారనుకున్నాం. "వస్త," అన్నారు. అత్తమ్మతో కాక నాతో, "నువ్వు కూడ రావాలె బిడ్డా," అన్నారు. గ్యాలరీ తర్వాత ఆయనంతట ఆయనగా నన్ను పలకరించడం అదే మొదలు. వెళ్లాను.

హాలు నిండిపోయింది. వేదిక మీద రాజేశ్వర్ రావు కూడా ఉన్నాడు, ఇప్పుడు ఆయనా మాజీయే. మామ చేసిన పనులన్నీ ఒక్కొక్కరు లేచి చెప్పారు. ఒక ముసలి పంతులు, "ఇంట్ల కోడలుండంగ, ఆమెకు రావలసిన నౌకరి వదిలి మనోళ్లకు ఇప్పించిన త్యాగి," అన్నాడు. చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్నవాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూశారు. నేను తల దించుకున్నాను.

సారంగపాణి శాలువా విప్పి పట్టుకున్నాడు. మామ చెయ్యి అడ్డం పెట్టారు. "నేను మాట్లాడినంక కప్పుండ్రి. అప్పుడు కూడ కప్పాలనిపిస్తే."

మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఆఖరి సభల నేనొక మాట ఇచ్చిన. నా ఇంటి నుంచి ఎవ్వరూ దరఖాస్తు పెట్టుకోరని. త్యాగమని ఇప్పుడే పెద్దలు అన్నరు. నాది కానిదాన్ని ఇస్తే త్యాగం ఎట్లయితది? పోయింది నా కొడుకే, కానీ ఆ హక్కు నా కోడలుది. ఆమెను నేను అడగలేదు. నవ్వుతాండ్లని సిగ్గయి, నా పేరు కాపాడుకుందామని ఆమెది తీసి ఇచ్చిన. ఆ మాట తప్పు. వాపస్ తీసుకుంటాన్న."

రాజేశ్వర్ రావు తన కుర్చీలోంచి, మరీ ఎగతాళిగా కాదు, ఒక అలవాటుతో అన్నట్టు, "మాస్టర్ సాబ్, ఇది మండలి కాదు గద. ఈడ మీ మాట రాసుకునేటోళ్లు ఎవరున్నరు?" అన్నాడు.

"రాసుకునేటోళ్లు లేరు రావు సాబ్," అన్నారు మామ. "నా కోడలు వింటాంది. ఆనాడు గూడ ఆమె ముందటనే ఇచ్చిన. ఆమె ముందటనే వాపస్ తీసుకుంటాన్న."

మైకు వదిలేసి మెట్లు దిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సారంగపాణి శాలువా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, ఏం చేయాలో అతనికి తోచలేదు. మామ వరసల మధ్యలోంచి నడిచి వస్తుంటే ఇందాక త్యాగి అన్నవాళ్లు మోకాళ్లు పక్కకు తిప్పుకున్నారు. నా వెనక వరసలో ఎవరో, "తిరిగి తిరిగి ఇంట్లకే తెచ్చుకున్నడు," అన్నారు. ఆ మాట మామకూ వినపడే ఉంటుంది. పదేళ్లు కూడబెట్టుకున్న మంచి పేరు ఆ హాల్లో నా కళ్లముందే పోయింది.

వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు నా ముఖంలోకి చూశారు.

"ఇప్పుడు అడుగుతాన్న బిడ్డా. పెట్టుకుంటవా దరఖాస్తు?"

వద్దంటే ఆయన పేరు మళ్లీ నిలబడుతుంది. అక్కడికక్కడే చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. అది ఆయనకూ తెలుసు. తెలిసే అడిగారు. నాకు ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు.

"పెట్టుకుంట మామా," అన్నాను, వెనక వరసకు కూడా వినపడేటట్టు.